పేరు పెట్టి లేపడమా, ముందు రాయనివ్వడమా?

వెనక బెంచీలో నోరు విప్పని పిల్లను పలికించడానికి నాకు తెలిసిన దారులు రెండు. ఒకటి, ఉన్నట్టుండి పేరు పిలిచి నిలబెట్టడం. వంశధార ఏ రాష్ట్రంలో పుట్టిందని అడుగుతాం, రెండు క్షణాలు చూస్తాం, పక్క పిల్లవాడి వైపు తిరుగుతాం. రెండు క్షణాలన్నది కూడా ఉదారంగా చెప్పిన లెక్కే. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతులను గమనిస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగింది సగటున 1 సెకను. 3 సెకన్లు ఆగినచోట జవాబులు పెరిగాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలూ మాట్లాడారు.

రెండోది 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త చెప్పిన పద్ధతి: ముందు ఎవరికి వారు ఆలోచించడం, తర్వాత పక్కవారితో మాట, ఆపైన తరగతికి. ఆలోచించే వేళ నేను నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయిస్తాను. గోల పెరుగుతుంది, పాఠం కొంచెం వెనకబడుతుంది, నిజమే.

అయినా ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లల విషయంలో నా ఓటు దీనికే. వారిది బిడియం కాకపోవచ్చు. జవాబు తెలుసు, తెలుగు మాట కోసం వెతుక్కుంటున్నారంతే. పక్కవారి దగ్గర ఒకసారి తప్పుగా అనేశాక అందరి ముందు గొంతు పెగులుతుంది. మొదటి పద్ధతిని పూర్తిగా వదలలేదు. ఫలానా ప్రశ్న అడుగుతానని ముందురోజే చెవిన వేసి మరీ పిలుస్తాను.