మూడు లక్షలు తగ్గించారని ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనెయ్యొచ్చా? అంబాజీపేట నుంచి నా లెక్క

మహీంద్రా ఎక్స్‌యూవీ400 కొని ఏడాది దాటిందండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో కనబడ్డవాళ్ళంతా రెండే అడుగుతారు. ఎంత పడింది, ఒక్క ఛార్జికి ఎంత దూరం వస్తుంది. కంపెనీ అంత రేటు ఎందుకు తగ్గించిందని మాత్రం ఒక్కరూ అడగరు. కొనేముందు తేల్చుకోవాల్సింది అసలు అదే.

2023 జనవరిలో వచ్చినప్పుడు దీని ధర 15.99 లక్షల నుంచి మొదలు, పై రకం 18.99. ఏడాది తిరిగేసరికి ‘ప్రో’ అని పేరు తగిలించి, డాష్‌బోర్డు మార్చి, 15.49 నుంచి అమ్మారు. ఆ తర్వాత షోరూముల్లో రెండున్నర, మూడు లక్షల దాకా తగ్గింపులు నడిచాయి. ఉత్తపుణ్యానికి ఎవరూ తగ్గించరు కదా. ఈ బండి ఎక్స్‌యూవీ300 అనే పెట్రోలు, డీజిల్ బండి మీద కట్టింది. ఆ 300 స్థానంలో కంపెనీయే 2024 ఏప్రిల్‌లో త్రీఎక్స్‌ఓ అనే కొత్త బండి తెచ్చింది. అదే ఏడాది నవంబరులో బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ అని, మొదటి నుంచీ ఎలక్ట్రిక్ కోసమే గీసిన బళ్ళు దించింది. ఇక 400ని చూసేదెవరు? నేను కొబ్బరి వ్యాపారంలో ఉన్నవాణ్ణి. గోదాములో కాయ మొలకెత్తేలోపు రేటు కోసి వదిలించుకోవడం నాకు కొత్తేం కాదు. అలా వదిలించుకున్న కాయలో కూడా నీళ్ళూ ఉంటాయి, కొబ్బరీ ఉంటుంది. కొనేవాడు దాన్ని మళ్ళీ అమ్మాలని చూస్తేనే ఇబ్బంది.

ఈ బండి సంగతీ అంతే. షోరూంవాడు తగ్గించిన మూడు లక్షలూ రేపు సెకండ్ హ్యాండ్ బేరంలో ముందే తీసేస్తారు. కొత్తదే పదమూడుకి దొరికితే పాతదానికి పదిహేనున్నర ధర నుంచి తరుగుదల లెక్క ఎవడు కడతాడు? మూడేళ్ళకోసారి కారు మార్చే అలవాటుంటే ఈ తగ్గింపు మీకు లాభం కాదు. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు వారంటీ ఉంది. అన్నాళ్ళూ తోలుకుని అరగదీసేవాడికే ఇది చవక బండి.

తగ్గింపు బండి అనగానే తయారీ నెల చూడండి. నేను తిరిగిన షోరూముల్లో ఒకచోట, అది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, “కొత్త సంవత్సరం బండేనండి, ఆయ్” అని నాలుగుసార్లు చెప్పాడు కుర్రాడు. కాగితం తెప్పిస్తే కిందటేడు తయారైంది. అమ్ముడుపోక యార్డులో ఎండకీ వానకీ పడి ఉంది. సేల్ సర్టిఫికెట్‌లోనూ ఆర్‌సీలోనూ తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. మళ్ళీ అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆ సంవత్సరాన్నే. పాత స్టాకు తీసుకోకూడదని నేననను. తీసుకుంటే ఆ వంకతో ఇంకో యాభై వేలు కొట్టాలి. అదే కుర్రాడు లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ కలిసొస్తుందని కూడా చెప్పాడు. ఆ 80ఈఈబీ సెక్షను 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. జీఎస్టీ 5 శాతమే, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం తగ్గింపు, ఈ రెండూ మాత్రం నిజం.

నేను తీసుకున్నది 34.5 యూనిట్ల చిన్న బ్యాటరీ రకం. ఎక్స్‌షోరూం 13 లక్షల లోపు తేలింది. పెద్దది 39.4 యూనిట్లు. కంపెనీ కాగితం ప్రకారం చిన్నదానికి 375 కిలోమీటర్లు, పెద్దదానికి 456. కాగితం సంగతి వదిలెయ్యండి. ఏసీ వేసుకుని, నలుగురెక్కి, డిక్కీలో శాంపిల్ కురిడీ బస్తా పెట్టుకుని మన రోడ్ల మీద తిరిగితే నా దానికి 230 వస్తుంది. హైవే మీద వంద పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. పొద్దున బయల్దేరి ముమ్మిడివరం, రాజోలు, మలికిపురం తోటలు చూసుకుని సాయంత్రానికి ఇంటికొస్తే నూరు, నూటపాతిక దాటదు. కోనసీమలో ఏ మూల నుంచి ఏ మూలకెళ్ళినా అంతే. పెద్ద బ్యాటరీకి పెట్టే డబ్బు ఇక్కడ తిరిగేవాడికి దండగ.

ఛార్జరు విషయంలోనూ అంతే. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జరుంటే ఆరేడు గంటల్లో నిండుతుంది, 3.3 దానికి రాత్రంతా పడుతుంది. పడితే పడనివ్వండి, రాత్రంతా మనం నిద్రపోయేదేగా! పదిగంటలకి తగిలించి పొద్దున్నే తీస్తే 170, 180 కిలోమీటర్లకి సరిపడా ఎక్కుతుంది. 7.2 పెట్టాలంటే ఇంటికి మంజూరైన లోడు పెంచుకోవాలి, మీటరు నుంచి లావు వైరు లాగాలి. మా వైపు ఆక్వా చెరువుల ఏరియేటర్లు తిరిగే వేళ వోల్టేజీ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఎర్తింగ్ మీద. మాకు విడిగా ఎర్త్ గొయ్యి తీయించి, పోర్టికోలో పవర్ ప్లగ్ పెట్టించి, దానికో బ్రేకరు వేయించాం. డెల్టాలో నేల తడి కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, అదొక అదృష్టం. పాత ఇళ్ళలో ఉత్తుత్తి మూడో కన్నం ఉన్న సాకెట్టుకి మాత్రం తగిలించకండి.

ఇక కరెంటు ఖర్చు. “కిలోమీటరుకి రూపాయి” అని అందరూ అంటారు. ఆ రూపాయి ఏ శ్లాబులో లెక్కేశారో చెప్పరు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. కారు తాగే యూనిట్లు ఇంటి వాడకం మీద ఎక్కుతాయి కాబట్టి పై శ్లాబులోనే పడతాయి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు దగ్గర 160 యూనిట్లు. ఛార్జి ఎక్కేటప్పుడు పోయేది కూడా కలిపే చెబుతున్నా. ఇంట్లో అప్పటికే 200 యూనిట్లు కాలితే కారు వల్ల అదనంగా 1,330, సర్‌ఛార్జీలూ అవీ వేసుకుంటే 1,500 అనుకోండి. కిలోమీటరుకి రూపాయిన్నర. అయినా తక్కువే. 110 రూపాయల పెట్రోలు పోసి లీటరుకి 15 ఇచ్చే బండి తోలితే అదే వెయ్యికి 7,300 అవుతుంది. నెలకి 5,800, ఏడాదికి 70 వేలు మిగులు. మా అన్నయ్య పీఎం సూర్యఘర్ కింద 78,000 రాయితీతో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ వేయించాడు. ఇక కారు కొంటే అతనికి ఈ శ్లాబుల గొడవే ఉండదు.

ఈ లెక్కలో 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద మార్పొచ్చింది. నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్లకి పన్ను 29 శాతం నుంచి 18కి దిగింది, ఎలక్ట్రిక్‌కి 5 అలాగే ఉంది. నేను కొన్నప్పుడు దీనికి సరితూగే పెట్రోలు ఆటోమేటిక్ పన్నెండు లక్షల దగ్గరుండేది, తేడా లక్షే. ఇప్పుడు ఆ పన్నెండుది పదకొండుకి దిగింది, తేడా రెండు లక్షలైంది. నెలకి వెయ్యి తిరిగేవాడికి మూడేళ్ళలో ఆ తేడా తీరుతుంది. ఐదొందలు తిరిగేవాడికి ఆరేళ్ళు. పండక్కీ పబ్బానికీ తీసేవాడైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి పెట్రోలు కారు చూసుకోవచ్చు.

తోలడం గురించి చెప్పాలంటే నాకు సరదాగానే ఉంది. 150 హార్స్‌పవర్, 310 న్యూటన్ మీటర్ల టార్కు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కి లారీని దాటాలంటే కాలు ఆనిస్తే చాలు. ముందు చక్రాలు లాగే బండి కాబట్టి వానలో తడిసిన సిమెంటు రోడ్డు మీద మాత్రం మెల్లగా తొక్కాలి. ‘ఎల్’ మోడ్‌లో పెడితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే నెమ్మదించి, అదే ఆగుతుంది. గేదెలూ స్పీడ్ బ్రేకర్లూ ఉన్న దారిలో బ్రేకు మీద కాలు పెట్టే పనే సగం తగ్గిపోయింది. బళ్ళని గుద్దించి భద్రత పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ 2024 నవంబరులో దీనికి 5 స్టార్లిచ్చింది. మా ఆవిడ స్కూలుకి దీన్నే తీసుకెళ్తుంది కాబట్టి అది నాకు పెద్ద విషయం.

కాలవగట్ల మీద మాత్రం ఒక చిక్కుంది. కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోతే కదా. బరకాల అంచున రాళ్ళు, మధ్యలో కాళ్ళతో చాళ్ళు తీస్తూ ధాన్యం తిరగేసే మనుషులు. మామూలు కారైతే చప్పుడు విని దూరం నుంచే పక్కకి జరుగుతారు. ఇది నడుం వెనక్కొచ్చి నిలబడేదాకా తెలీదు. మొన్నొక పెద్దావిడ వెనక్కి తిరిగి బండిని చూసి గుండె మీద చెయ్యేసుకుంది. “ఏం బాబూ, దెయ్యంలాగ వచ్చి నించున్నావు, హారనెయ్యొచ్చు కదా!” అంది. వేస్తే ఇంకా ఉలిక్కిపడతారని నా భయం. ఇప్పుడు అలాంటి చోట అద్దం దించి, పాటలు పెద్దగా పెట్టుకుని వెళ్తున్నా. ఊళ్ళో నాకు షోకెక్కువని పేరొచ్చింది.

వానాకాలం గురించి అందరికీ భయమే. బ్యాటరీ ఐపీ67 రకం. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచి పరీక్ష చేస్తారు. అలాగని లంక రేవుల్లోకి తోలమని కాదు. వరదనీళ్ళలో బురదుంటుంది, ప్రవాహముంటుంది, పరీక్ష తొట్టెలో అవేవీ ఉండవు. ఇన్సూరెన్సు పాలసీలో బ్యాటరీకి కవరు విడిగా రాసుందో లేదో చదవండి. మామూలు ‘ఇంజన్ ప్రొటెక్ట్’ చూసి ధైర్యపడకండి.

మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందురోజే పూర్తిగా ఛార్జి పెట్టుకున్నాం. స్తంభాలు పడిపోయి కరెంటు లేని రోజుల్లో ఊళ్ళో తిరుగుళ్ళకి ఆ ఛార్జే సరిపోయింది, బంకుల దగ్గర క్యూ కట్టే పని పడలేదు. ఒక్కటే అసూయపడ్డాను. 2023 సెప్టెంబరులో మార్చిన టాటా నెక్సాన్ ఈవీలో కారు బ్యాటరీ నుంచే బయటికి కరెంటు తీసుకునే సదుపాయముంది. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్జు నడుపుకోవచ్చు. నా బండిలో అది లేదు. ఏడాదికో తుఫాను చూసే మన తీరంలో అది ఆడంబరం కాదు. ఇంకో తేడా ఏంటంటే టాటావాళ్ళ నెక్సాన్, పంచ్ ఈవీల బ్యాటరీల్లో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్, రోజూ నూరు దాకా నింపినా వాటికి ఇబ్బంది తక్కువ. ఎక్స్‌యూవీ400లో ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం, రోజూ నిండా నింపితే అవి తొందరగా అరుగుతాయి. అందుకే రోజువారీకి 80 దగ్గర ఆపేస్తాను, దూరం వెళ్ళాలంటేనే నింపుతాను.

హైదరాబాద్ ప్రయాణం అవుతుంది, కానీ తీరుబడిగా. ఫాస్ట్ ఛార్జరు దొరికితే 80 శాతానికి 50 నిమిషాలు. బయట యూనిట్ ఇరవై రూపాయల దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ ఆదా బాగా తగ్గుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ అంతా గోదావరి జిల్లాల మీద పడుతుంది. అప్పుడు ఛార్జరు దగ్గర మన ముందు ఎన్ని పచ్చ నంబరు ప్లేట్లుంటాయో దేవుడికెరుక. ఆ ఒక్క ప్రయాణానికి మా బామ్మర్ది డీజిల్ బండి ఉంది.

బడ్జెట్ నిజంగా పదీ పన్నెండు లక్షలే అయితే 400 తగ్గింపు చూసి పైకి సాగొద్దు. పంచ్ ఈవీ చూడండి. 2024 సెప్టెంబరులో దాన్ని 9.99 లక్షలకి దింపారు, దానికీ భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లున్నాయి. వెనక సీటు ఇరుకు, ముగ్గురు పెద్దవాళ్ళకి కష్టం. నలుగురున్న ఇంటికి సరిపోతుంది. నేను 400 వైపు మొగ్గింది వెడల్పు సీటు, 378 లీటర్ల డిక్కీ చూసే.

అమలాపురంలో మేడ మీద అద్దెకుండే మా కజిన్ ఉన్నాడు. బండి వీధిలోనే పెట్టాలి, కింద ఇంటివాళ్ళ మీటరు. “అన్నయ్యా, నేనూ తీసుకోనా?” అని దీపావళి నుంచి పోరుతున్నాడు. రెండో అంతస్తు నుంచి వైరు వేలాడదీస్తావా అని అడిగి, సీఎన్‌జీ చూసుకోమన్నాను. నాలుగు రోజులు అలిగి, సీఎన్‌జీ బండికే అడ్వాన్సు కట్టొచ్చాడు.