విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్: ఓడలో వెళ్లి, విమానంలో తిరిగొచ్చి

మా మేనత్తను మోకాలి ఆపరేషన్‌కు విశాఖ తీసుకురావడానికి గత చలికాలంలో అండమాన్ వెళ్లాను. మామయ్య వాళ్లది శ్రీకాకుళం జిల్లా. చేపల వేటకు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. ఆ పేటలో ఏ మలుపు తిరిగినా తెలుగే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా అత్త నోట ఇప్పటికీ పోర్ట్‌బ్లెయిరే.

వెళ్లేటప్పుడు కావాలనే ఓడ ఎక్కాను. విశాఖ నుంచి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. నెలకు ఒక ఓడ దొరికితే అదృష్టం. తేదీ ఖరారయ్యేదాకా సెలవు పెట్టుకోవడానికీ వీల్లేదు. బంక్ టికెట్టు తీసుకున్నాను. మొదటి రాత్రి కడుపులో తిప్పింది, మర్నాటికి సర్దుకుంది. అన్నం, పప్పు వేడిగానే పెట్టారు. మరుగుదొడ్లు మాత్రం రెండో రోజు సాయంత్రానికి కాలు పెట్టేలా లేవు. పెద్దవాళ్లతో వెళ్లేవారు డబ్బు ఎక్కువైనా క్యాబిన్ తీసుకోవాలి. నా ఎదుటి పడక మీద విశాఖలో వైద్యం చేయించుకుని వెళుతున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఎక్స్‌రేలు చుట్టిన సంచిలోనే ప్లాస్టిక్ కవరులో, దీవుల నివాసులకిచ్చే ఐలాండర్ కార్డు భద్రంగా పెట్టుకున్నారు. ఆ కార్డు వల్ల ఆయన టికెట్టు నాకంటే చాలా తక్కువకు వచ్చింది. అలాగే ఉండాలి. నేను ఎప్పుడో ఒకసారి వెళ్లేవాణ్ణి, ఆయనకు అది ఇంటి దారి.

అత్త కూతురు, మా వదిన ఉండేది ఉత్తరాన డిగ్లీపూర్‌లో. హెలికాప్టర్‌లో సీటు అడిగితే నాకు దొరకలేదు. రోగులు, స్థానికులు పోగా మిగిలితేనే బయటివారికి. అందుకే బస్సులో వెళ్లాను. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ బారులు తీరి, పోలీసుల వెంట జార్వా ఆదివాసుల అడవి దాటాలి. ఆ తర్వాత వాహనాలను మోసే పడవ మీద జలసంధి దాటాలి. తెల్లవారకముందు బయలుదేరితే చేరేసరికి సాయంత్రమైంది. అక్కడ దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది కానీ వేడినీళ్ల బకెట్టుకు విడిగా డబ్బు తీసుకున్నారు. చెప్పి తీసుకుంటే బాధ లేదు, గది ఖాళీ చేసేటప్పుడు బిల్లులో కలిపారు. రాస్, స్మిత్ దీవుల మధ్య ఇసుక తిన్నె మీద నడిచిన ఉదయం ముందు అదంతా చిన్న విషయం.

తిరుగు ప్రయాణంలో వదినకు రాయితీ ధరకే హెలికాప్టర్ సీటు దొరికింది. హెలిప్యాడ్ దగ్గర మనిషినీ సంచినీ తూకం వేశారు. బరువు ఎక్కువైందనగానే వదిన వాళ్లమ్మ కోసం పట్టిన ఊరగాయ సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఆ సీసా ఒళ్లో పెట్టుకుని నేను మళ్లీ రోజంతా బస్సులో వచ్చాను. 2010 చివర్లో 'జల్ హంస్' పేరుతో నీటి మీద దిగే విమానాన్ని మొదలుపెట్టారు. అత్త దాని గురించి ఎంతో ఆశగా చెప్పేది. అదీ తర్వాత ఆగిపోయింది.

అసలు కష్టం అత్తను తీసుకొచ్చేటప్పుడు తెలిసింది. ఆ మోకాలితో ఓడ మెట్లు ఎక్కలేదు. విమానం తప్ప దారి లేదు, చెన్నై మీదుగా వచ్చాం. పర్యాటకుల రద్దీ రోజులు కావడంతో ధర మండిపోతోంది. ఓడలో పనికొచ్చిన కార్డు మేము కొన్న విమానం టికెట్టుకు పనికిరాలేదు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం నాకు నచ్చినదే. కొన్ని సీట్ల ధరకు హద్దు పెట్టి, లోటును విమాన సంస్థకు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. రద్దీ మార్గాల విమానాల మీద వేసే సుంకం నుంచి ఆ డబ్బు వస్తుంది. కానీ ఆ సాయం ఒక మార్గానికి మూడేళ్లే. మూడేళ్లలో ప్రయాణికులు పెరిగి మార్గం సొంతంగా నిలబడుతుందని లెక్క. దీవికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? మూడేళ్లకు సముద్రం ఇంకిపోదు కదా. స్పెయిన్‌లో కానరీ, బాలెరిక్ దీవుల నివాసులకు టికెట్టు మీద 75 శాతం తగ్గింపు ఉంది. స్కాట్లాండ్ దీవుల వారికి 2006లో 40 శాతంతో మొదలైన తగ్గింపును 2016 నుంచి సగానికి పెంచారు. అక్కడ సాయం సంస్థను కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. మన ఐలాండర్ కార్డు కూడా అలాంటిదే, దాన్ని విమానం దాకా పొడిగించాలి. కనీసం వైద్యానికి వచ్చేవారికైనా, చదువుకునే పిల్లలకైనా.

విశాఖ విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కోసం ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది. తోసుకొచ్చిన కుర్రాడు అత్త చెప్పులు చేత్తో పట్టుకుని మరీ కారు దాకా వచ్చాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడు నెలలకు ఒకసారి చూపించుకోమని డాక్టరు చెప్పారు. అత్త ఆ తేదీలను ఒక చీటీ మీద రాయించుకుని ఐలాండర్ కార్డు ఉన్న కవరులోనే పెట్టుకుంది. మొదటి తేదీకి దగ్గరలో ఓడ ఉందో లేదో కనుక్కోమని నాకు రోజూ ఫోను చేస్తోంది.