గేమ్‌లో మాట, బ్లాగులో రాత: ఏళ్ళ తరబడి వాడాక ఏది నమ్మాను, ఎంతవరకు నమ్మాను

గేమ్ ఆడుతూ మాట్లాడుకునే వాయిస్ చాట్ సత్తా తెలియాలంటే రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో వాళ్ళు పడుకున్నాక వాడి చూడాలి. గొంతు పెంచడానికి ఉండదు. పైన ఫ్యాను గరగరమంటూనే ఉంటుంది. నేను హైదరాబాదులో, తమ్ముడు విశాఖలో, ఆఫీసు స్నేహితులిద్దరు బెంగళూరులో ఉంటాం. డల్లాస్‌లో ఉండే బావ ఆడడు. స్క్రీన్ షేర్‌లో చూస్తూ సలహాలిస్తాడు. ఇంతమందిమి గుసగుసల్లోనే ఒక మ్యాచ్ పూర్తి చేసి, పొద్దున ఎవరి ఇంట్లోనూ తిట్లు తినకుండా బయటపడితే ఆ సర్వీసు పాసైనట్టే.

ఇన్నేళ్ళలో మాటల కోసం గేమ్‌లోనే ఉండే వాయిస్, విడి యాప్‌లైన టీమ్‌స్పీక్, మంబుల్, డిస్కార్డ్ అన్నీ వాడాను. రాతల కోసం బ్లాగర్, వర్డ్‌ప్రెస్, ఇంకా ఒకటి రెండు చోట్ల బ్లాగులు నడిపాను. రెంటినీ ఒకే సమీక్షలో కలపడానికి కారణం ఉంది. రెండు చోట్లా మనది అనుకునేది ఇంకొకళ్ళ కంప్యూటర్‌లో ఉంటుంది. కానీ మాటను అప్పగించేటప్పుడు చూసుకోవాల్సినవి వేరు, రాతను అప్పగించేటప్పుడు చూసుకోవాల్సినవి వేరు. చాలామంది రెంటికీ ఒకే లెక్క వేస్తారు.

గేమ్ వాయిస్‌తో మొదలుపెడతాను. పబ్జీ మొబైల్ రోజుల్లో మాకు అదే దిక్కు. ఇన్‌స్టాల్ చేసి మైక్ ఆన్ చేస్తే చాలు, మాట్లాడుకోవచ్చు. సౌండ్ మరీ గొప్పగా ఉండదు, పని మాత్రం జరుగుతుంది. అసలు తంటా వేరే చోట ఉంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉంది. దాని బదులు మన దేశం కోసం చేసిన బీజీఎంఐ అనే గేమ్ 2021 జులైలో వచ్చింది, 2022 జులై చివర్లో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. గేమ్‌తో పాటు అందులోని పరిచయాలూ పోతాయి. కరీంనగర్ నుంచి ఆడే కుర్రాడొకడు ఉండేవాడు. స్నైపింగ్‌లో, అంటే దూరం నుంచి గురిపెట్టి కాల్చడంలో దిట్ట, మాటకు ముందు ‘మామా’, మాట తర్వాత ‘మామా’. అసలు పేరేమిటో మేమెవరమూ అడగలేదు. మళ్ళీ దొరకలేదు.

తెలియనివాళ్ళతో కలిపే రాండమ్ స్క్వాడ్‌ల సంగతి వేరు. మా పెదనాన్న కూతురు మాకంటే బాగా ఆడుతుంది. మైక్ ఆన్ చేసి ‘లెఫ్ట్‌లో ఒకడున్నాడు’ అనగానే అవతల మ్యాచ్ ఆగిపోయి ఇంటర్వ్యూ మొదలవుతుంది. ఏ ఊరు, ఏం చదువుతున్నావ్, ఇన్‌స్టా ఐడీ ఇవ్వు. జవాబు ఇవ్వకపోతే తిట్లు. ఇప్పుడు తను వింటుంది గానీ మాట్లాడదు, మ్యాప్ మీద మార్కులు పెట్టి పని కానిచ్చేస్తుంది. రిపోర్ట్ బటన్ ఉంది కదా అంటారు. వాలొరాంట్ అనే గేమ్ తయారుచేసే రయట్ కంపెనీ ఫిర్యాదులు పరిశీలించడానికి వాయిస్ రికార్డు చేసేలా 2021లో నిబంధనలు మార్చింది, మరుసటి ఏడాది ఉత్తర అమెరికాలో ఇంగ్లీషు మాటలతో పని మొదలుపెట్టింది. మంచిదే. మన కుర్రాళ్ళు తెలుగులో, అదీ యాసలో తిట్టే తిట్లు యంత్రానికి ఎప్పటికి అర్థమవుతాయో మరి. అందుకే ఓపెన్ వాయిస్ చాట్‌కు నా దగ్గర పాస్ మార్కులు లేవు. తెలిసినవాళ్ళతో మాట్లాడుకునే గదికి మాత్రమే ఈ సమీక్ష.

కొంతకాలం సొంత సర్వర్ ముచ్చట కూడా తీర్చుకున్నాం. మంబుల్ ఓపెన్ సోర్స్, తేలిక, మాట ఆలస్యం లేకుండా చేరుతుంది. టీమ్‌స్పీక్ అయితే 32 మంది వరకు ఉచిత సర్వర్ పెట్టుకోనిస్తుంది. బెంగళూరు స్నేహితుడు తన పాత కంప్యూటర్ మీద నడిపాడు. నమ్మకానికి అంతకు మించింది లేదు, ఎందుకంటే మెషిన్ ఎవరిదో, ఏ గదిలో ఉందో మాకు తెలుసు. కాకపోతే వాళ్ళింట్లో కరెంటు పోతే అందరి గొంతులూ పోయేవి. అడ్రసు, పోర్టు నంబరు, సర్టిఫికెట్ అనేసరికి బావ చేతులెత్తేశాడు. ‘ఇంత చదువు చదివితే వీసా ఇంటర్వ్యూ ఇంకోటి పాసయ్యేవాణ్ణిరా’ అన్నాడు.

చివరికి స్థిరపడింది డిస్కార్డ్‌లో. 2015 మే నెలలో మొదలైన ఈ సర్వీసులో నాకు నచ్చింది దాని వాయిస్ ఛానెల్. ఫోన్ కాల్ లాగా మోగదు, ఎవరినీ పిలవక్కర్లేదు. ఊళ్ళో రచ్చబండ దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళి కూర్చుంటే ఎవరున్నారో కనిపిస్తుంది, ఓపికుంటే మాట్లాడతాం, లేకపోతే లేచి వస్తాం. ఈ ఒక్క ఏర్పాటు వల్ల గేమ్ లేని రోజుల్లో కూడా మా గుంపు చెదరలేదు. బీజీఎంఐ మాయమైన నెలల్లో అదే గదిలో కూర్చుని క్రికెట్ చూశాం.

సౌండ్ సంగతి. మాటను కుదించి పంపడానికి ఓపస్ అనే కోడెక్ వాడతారు, మామూలుగా సెకనుకు 64 కిలోబిట్‌ల (కేబీపీఎస్) దగ్గర ఉంటుంది. గంటసేపు ఆపకుండా వాగినా మన మాటకు 29 ఎంబీ లోపే. మొబైల్ డేటా మీద ఆడేవాళ్ళు దీని గురించి టెన్షన్ పడనక్కర్లేదు. ఛానెల్ రీజియన్‌ను, అంటే మాటలు ఏ దేశపు సర్వర్ మీదుగా వెళ్ళాలో దాన్ని ఇండియాకు పెట్టుకుంటే మా నలుగురి మధ్యా ఎదురెదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. బావ దాకా వెళ్ళి రావడానికి మాత్రం పావు సెకను పైగానే పడుతుంది. సముద్రాలు దాటే దూరం కాబట్టి ఏ యాప్‌లోనైనా అంతే. ఆయన ‘వెనకాల, వెనకాల’ అనేసరికి నేను చచ్చి, మ్యాచ్ బయట లాబీలో ఉంటాను.

2020లో వచ్చిన క్రిస్ప్ నాయిస్ సప్రెషన్ మన ఇళ్ళ కోసమే పుట్టిందనిపిస్తుంది. కుక్కర్ విజిల్, మిక్సీ, ఫ్యాను, వీధిలో బండి హారన్ అన్నీ మింగేస్తుంది. మా ఇంట్లో మిక్సీలో ఇడ్లీ పిండి తిరుగుతుంటే నేను తాపీగా మాట్లాడాను, అవతల ఎవరికీ తెలియలేదు. కానీ మనిషి గొంతును మాత్రం అది ముట్టుకోదు. కాబట్టి టీవీ సీరియల్‌లో అత్తగారు కోడల్ని దెప్పిపొడిచే డైలాగులు మాత్రం అక్షరం పొల్లు పోకుండా అందరికీ చేరతాయి. తమ్ముడి కూతురు వీణ వాయిస్తే దాన్నీ చప్పుడు కిందే లెక్కగట్టి ముక్కలు చేసేస్తుంది. పాప వాయించేటప్పుడు ఆ సెట్టింగ్ తీసెయ్యాలి.

కొత్తగా వాడేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఎంత ఖరీదైనదైనా, మైక్ ఆన్ అవగానే చాలావాటిలో సౌండ్ పాత ల్యాండ్‌లైన్ స్థాయికి పడిపోతుంది. మాట పంపడం, మంచి సౌండ్ వినడం రెండూ ఒకేసారి చెయ్యడానికి మామూలు బ్లూటూత్‌లో చోటు చాలదు. అడుగుల చప్పుడు వినాల్సిన గేమ్‌లో ఇది చావుదెబ్బ. మామూలు వైరు ఇయర్‌ఫోన్ కొనుక్కోండి. రెండోది, బటన్ నొక్కి మాట్లాడే పద్ధతి. మన వాక్యంలో అసలు సంగతి చివర్న ఉంటుంది. ‘రష్ చెయ్యొద్దు’ (శత్రువు మీదికి దూకొద్దు) అని చెబుతూ వేలు ఒక్క క్షణం ముందు తీస్తే అవతలివాడికి ‘రష్ చెయ్య’ వరకే వినబడుతుంది. తమ్ముడు ఉత్సాహవంతుడు, అంతే చాలు వాడికి. సెట్టింగుల్లో బటన్ వదిలాక కూడా మైక్ కాసేపు తెరిచి ఉంచే స్లైడర్ ఉంది, దాన్ని కొంచెం పెంచుకోవాలి. ఒక్కొక్కరి గొంతును విడివిడిగా 200 శాతం దాకా పెంచుకునే సదుపాయం కూడా ఉంది. నోట్లో నోట్లో మాట్లాడే స్నేహితుడున్న ప్రతి గుంపుకూ అది వరం.

నమ్మకం మాటకొస్తే, వాయిస్, వీడియో కాల్స్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మాట్లాడుకునేవాళ్ళకు తప్ప కంపెనీకి కూడా వినబడని తాళం తెస్తున్నట్టు 2024 సెప్టెంబరులో డిస్కార్డ్‌వాళ్ళు ప్రకటించారు. టెక్స్ట్ మెసేజ్‌లకు అది లేదు. 2025 అక్టోబరులో వాళ్ళ కస్టమర్ సపోర్ట్ చూసే బయటి సంస్థ దగ్గర చోరీ జరిగి, దాదాపు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండవచ్చని కంపెనీయే చెప్పింది. నేను అక్కడ కబుర్లు పెడతాను, కాగితాలు పెట్టను. ఫోన్ స్క్రీన్ షేర్ చేసేటప్పుడు నోటిఫికేషన్లు ఆపేస్తాను. మ్యాచ్ మధ్యలో బ్యాంకు ఓటీపీ వచ్చి అందరి ముందూ దర్శనమివ్వడం నాకిష్టం లేదు.

మోసాలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఒకరోజు తమ్ముడి అకౌంట్ నుంచి ఇంగ్లీషులో మెసేజ్: హలో బ్రో, నీ గేమ్ అకౌంట్‌ను పొరపాటున రిపోర్ట్ చేశాను, ఈ లింకులో సరిచేసుకో. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను ‘అన్నా’ అని తప్ప పిలవలేదు. ‘వాయిస్‌లోకి రారా’ అన్నాను. రాలేదు. ఫోన్ చేస్తే నిద్రలో ఉన్నాడు. మార్కులు వెయ్యమంటే తెలిసినవాళ్ళ వాయిస్ చాట్‌గా డిస్కార్డ్‌కు అయిదుకు నాలుగు వేస్తాను.

మా గదిలో పుట్టిన కథలు అక్కడి టెక్స్ట్ ఛానెల్‌లోనే రాసుకునేవాళ్ళం. నాలుగు నెలలు తిరిగేసరికి అవి మీమ్‌ల కింద పడిపోతాయి. కావాలంటే మన డేటా అడిగి తెప్పించుకోవచ్చు గానీ అందులో మనం రాసినవే ఉంటాయి, అవతలివాళ్ళ జవాబులు ఉండవు. సగం సంభాషణ ఎవరికి పనికొస్తుంది? ఎవరైనా అకౌంట్ తీసేస్తే పేరు స్థానంలో అనామకుడు మిగులుతాడు. అక్కడ పెట్టిన ఫోటోల లింకులు బయట అతికిస్తే 2023 చివర్లో వచ్చిన మార్పు తర్వాత ఒకరోజులోనే కాలం చెల్లిపోతాయి. నిలిచి ఉండాల్సిన రాతకు అది చోటు కాదు. అందుకే బ్లాగు.

తెలుగు బ్లాగులతో నా పరిచయం లేఖినిలో, అంటే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే సైటులో టైపు చేసి తెచ్చి అతికించే రోజుల నాటిది. పోస్టు వేశాక, తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపే కూడలిలో కనబడిందా లేదా అని పదిసార్లు చూసుకునేవాళ్ళం. 2006 జులైలో ముంబయి రైలు పేలుళ్ళ తర్వాత కొన్ని పేజీలను ఆపమని ఆదేశాలొస్తే, ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగర్ బ్లాగులుండే బ్లాగ్‌స్పాట్‌ను మొత్తంగా ఆపేశాయి. 2011 మే నెలలో బ్లాగర్ దాదాపు ఒక రోజంతా మొరాయించింది. ఇలాంటివి వచ్చి పోతాయి, నేను పట్టించుకోను. పూర్తిగా మూతపడే సర్వీసులతోనే భయం. జియోసిటీస్ 2009లో, పోస్టెరస్ 2013లో, టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు 30న మూతపడ్డాయి. టైప్‌ప్యాడ్ అయితే ఆగస్టు చివర్లో చెప్పి సెప్టెంబరు చివరికి దుకాణం కట్టేసింది. 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్ ఇంకా ఉచితంగా నడుస్తుండటమే విశేషం.

నేను వాడిన ఒక సర్వీసు, పేరెందుకులెండి, ఒక పొద్దున నా బ్లాగు స్పామ్ అని తాళం వేసింది. అందులో ఉన్నవి అమ్మమ్మ అరిసెల పాకం లెక్కలు, మా ఊరి తిరునాళ్ళ కబుర్లు. అప్పీలు పెడితే అచ్చుపోసిన జవాబు వచ్చింది. కొన్నాళ్ళకు వాళ్ళే తెరిచారు, ఎందుకు మూశారో చెప్పలేదు, ఎందుకు తెరిచారో కూడా చెప్పలేదు. మనిషి జవాబు ఇవ్వని చోట గొడవ పడటానికి కూడా లేదు.

అప్పటి నుంచి ఏ సర్వీసులోనైనా పది పోస్టులు రాయకముందే నేను చేసే పని ఒకటుంది. మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఇంకో చోట ఇంపోర్ట్ చేసి, తెరిచి చూస్తాను. బ్లాగర్ నుంచి, మన డేటా దించుకోనిచ్చే గూగుల్ టేకౌట్ ద్వారా, వర్డ్‌ప్రెస్ నుంచి ఎక్స్‌పోర్ట్ ఫైలుగా పోస్టులు, వ్యాఖ్యలు వచ్చేస్తాయి. ఆ ఫైలులో ఫోటోలుండవు, వాటి చిరునామాలే ఉంటాయి. పాత బ్లాగు మూసేస్తే కొత్త చోట అరిసెల బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. కాబట్టి ఫోటోలు విడిగా దించుకోవాలి.

తెలుగువాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ‘ఫేస్‌బుక్’ అని విడిగా పొల్లుతో రాయడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెడతాం. ఒక ఇంపోర్ట్ టూల్ ఆ కనబడని వాటన్నిటినీ చెత్త అనుకుని ఊడ్చేసింది. నా పోస్టులన్నిటా ‘ఫేస్బుక్’ అయింది, సకారం కింద బకారం వచ్చి వేలాడింది. ఇంగ్లీషు బ్లాగర్లకు ఇది జన్మలో తెలియదు. లింకుల గోల కూడా ఉంది. తెలుగులో శీర్షిక పెడితే ఒక చోట చిరునామాలో తెలుగు మొత్తం ఎగిరిపోయి అంకెలు మిగులుతాయి, ఇంకో చోట శాతం గుర్తులతో వాట్సాప్‌లో అయిదు లైన్ల కొండవీటి చాంతాడు వస్తుంది. నేను పబ్లిష్ చేసే ముందు చిరునామాను చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుస్తాను.

వ్యాఖ్యలు మాత్రం ఏ చోటికి వెళ్ళినా కొంత నలుగుతాయి. పేర్లు, తేదీలు వస్తాయి, ఎవరు ఎవరికి జవాబిచ్చారన్నది కలగాపులగం అవుతుంది. నెల్లూరు పెద్దాయన ఒకరు చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో నాతో పది వ్యాఖ్యల దాకా వాదించారు. ఇప్పుడు ఆ పేజీలో ఆయన తనతో తనే పోట్లాడుకుంటున్నట్టుంది. పోస్టు కన్నా ఆ వాదనే బాగుండేది.

సొంత డొమైన్, అంటే మీ పేరు మీద ఉండే వెబ్ చిరునామా మాత్రం తీసుకోండి. ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. వెనక సర్వీసు మారినా చిరునామా మారదు, పాత లింకులనూ చాలావరకు నిలబెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆటో పేమెంట్ నిబంధనలు మారాక, విదేశీ సైట్లలో మన కార్డుల ఆటో రెన్యువల్ తరచూ ఫెయిలవుతోంది. వాళ్ళు పంపే మెయిల్ ప్రమోషన్ల ట్యాబ్‌లో పడి ఉంటుంది. యూపీఐ తీసుకునే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గర కొని, గడువుకు నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే సరిపోతుంది.