రాత్రి ఆటో ఎక్కే ఆడవాళ్లకి టీ-సేఫ్ ఎలా ఉంది?

తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో మొదలుపెట్టిన ఈ సేవ ఒంటరిగా తిరిగే ప్రతి అమ్మాయికీ తెలిసి ఉండాలి, గట్టిగా చెప్తున్నాను. క్యాబ్ అయినా, రోడ్డు మీద చెయ్యి ఊపి ఆపిన ఆటో అయినా సరే, ఎక్కగానే ప్రయాణం నమోదు చేస్తే దిగే వరకు పోలీసులు మన లొకేషన్ గమనిస్తుంటారు, మధ్యలో క్షేమమేనా అని అడుగుతారు, అప్పుడు మన పాస్‌కోడ్ చెప్పాలి. జవాబు లేకపోతే వాళ్లు రంగంలోకి దిగుతారు, అవసరమైతే దగ్గర్లోని పెట్రోలింగ్ బండిని పంపిస్తారు.

నాకు బాగా నచ్చింది యాప్ లేకపోయినా పనిచేయడం. 100కి ఫోన్ చేసి 8 నొక్కితే చాలు. అంటే తెల్లవారుజామున పూల మార్కెట్‌కి వెళ్లే పెద్దమ్మ, రాత్రి షిఫ్ట్ దిగే ఆస్పత్రి ఆయమ్మ కూడా వాడుకోవచ్చు. అసలు వాళ్లకే ఇది ఎక్కువ అవసరం, కానీ నేను అడిగినవాళ్లలో చాలామంది దీని పేరే వినలేదు! ప్రతి బస్టాండులో, మెట్రో స్టేషన్లో తెలుగులో, ఉర్దూలో పెద్ద బోర్డులు పెట్టాలి, ఇదొక్కటే నా అసంతృప్తి.

ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకోండి. ఆంధ్రకి వెళ్తే అక్కడ శక్తి యాప్ ఉంది, రైల్లో అయితే 139, దేశంలో ఎక్కడైనా 112. ఇంకో మాట, బండి ఎక్కగానే "అన్నా, టీ-సేఫ్ ఆన్ చేశాను" అని డ్రైవర్‌కి వినపడేలా చెప్పేయండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.