ఐదేళ్లుగా మా ఇంట్లో సోలార్ డైవర్టర్: మూడుసార్లు మొరాయించింది, రెండుసార్లు తప్పు దానిది కాదు

మా అమ్మ నరసరావుపేట నుంచి మెల్‌బోర్న్ వచ్చిన మూడో వారం అది. 2023 జూన్, ఇక్కడ నడి చలికాలం. పొద్దున ఐదింటికి బాత్రూమ్‌లోంచి కేక: "ఏరా, నీళ్లు మంచులా ఉన్నాయేంటి? గీజరు వేయలేదా?" గ్యారేజీలోకి పరిగెత్తి గోడ మీది డబ్బా చూశాను. "వాటర్ హాట్" అని తెర మీద నింపాదిగా వెలుగుతోంది.

ఆ డబ్బానే డైవర్టర్. మన ఊళ్లలో మేడల మీద గాజు గొట్టాలతో కనిపించే సోలార్ వాటర్ హీటర్ వేరు, ఇది వేరు. మా కప్పు మీద 6.6 కిలోవాట్ల ప్యానెళ్లు, గోడకు వాటి కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే 5 కిలోవాట్ల ఇన్వర్టర్ ఉన్నాయి. ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతుంది. దాన్ని పోనివ్వకుండా, ఎంత మిగిలితే అంతే 250 లీటర్ల నీళ్ల ట్యాంకులో నీళ్లు కాచే 3.6 కిలోవాట్ల ఎలిమెంట్‌కు పంపడం దీని పని. మెయిన్ వైరుకు తొడిగిన చిన్న క్లాంపు ద్వారా కరెంటు ఎటు పోతోందో కనిపెడుతుంది.

2020 చివర్లో బిగింపుతో కలిపి దాదాపు 1,100 డాలర్లు అయింది. దండగ ఖర్చని మా ఆవిడ అప్పుడే అంది. మా విక్టోరియా రాష్ట్రంలో గ్రిడ్‌కు అమ్మిన యూనిట్‌కు కనీసం 10.2 సెంట్లు వచ్చే రోజులవి కాబట్టి తన మాట తీసేయడానికి లేదు. 2024-25కి ఆ కనీస ధర 3.3 సెంట్లకు దిగింది, 2025-26కి 0.04 సెంటే అని తేల్చారు. ఇప్పుడు అమ్మడం కంటే నీళ్లు కాచుకోవడమే నయం. నా తెలివి వల్ల కాదు, ధరలు పడిపోవడం వల్ల డబ్బా గిట్టుబాటు అయింది.

మొదటి తలనొప్పి 2022లో. ఆ మూడు నెలల కరెంటు బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఇక్కడ స్మార్ట్ మీటర్ల వల్ల ఏ అరగంటలో ఎంత వాడామో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. చూస్తే, రాత్రి స్నానాలయ్యాక గ్రిడ్ నుంచి గంటల తరబడి కరెంటు లాగుతోంది. పగలు ఎండ దంచుతుంటే మాత్రం ట్యాంకు ఊరుకుని, కరెంటంతా బయటికి పోతోంది. బిగించిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. రెండోసారి చేస్తే ఇన్వర్టర్ లోపం అయ్యుంటుందన్నారు.

ఒక రాత్రి పదింటికి, నీళ్లు కాగడం అయిపోయాక, డబ్బా ముందు నిలబడ్డాను. తెర మీద "ఎక్స్‌పోర్ట్ 0.4 కిలోవాట్" అని ఉంది. సూర్యుడు లేని వేళ మా ఇల్లు కరెంటు అమ్ముతోందట! వంటింట్లో కెటిల్ వేయమని మా ఆవిడకు చెప్పాను. అంకె 2.6కి ఎగిరింది. కెటిల్ ఆపితే మళ్లీ 0.4. అప్పుడు అర్థమైంది, క్లాంపు తిరగబడింది. అంతకుముందు ఏసీ బిగించిన ఎలక్ట్రీషియన్ మీటర్ బాక్సులో క్లాంపు తీసి, దాని మీది బాణం గుర్తు చూడకుండా తిప్పి తొడిగాడు. దాంతో గ్రిడ్ నుంచి వస్తున్న కరెంటు దీనికి మిగులులా కనిపిస్తోంది. మిగులనుకుని హీటర్ వేస్తుంది, హీటర్ వల్ల గ్రిడ్ నుంచి ఇంకా వస్తుంది, అది ఇంకా పెద్ద మిగులనుకుంటుంది. వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి తిప్పి తొడగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, కాకపోతే వచ్చినందుకు ఫీజు ఫీజే. ఇక్కడ లైసెన్సు లేకుండా వైరింగ్ పని చేయడం చట్టవిరుద్ధం. అందుకే నేను చేసినవన్నీ చూపుతో, చెవితో, కెటిల్‌తో చేసే పరీక్షలే.

ఇక అమ్మ చన్నీళ్ల సంగతి. "వాటర్ హాట్" అని ఎందుకు చూపిస్తోంది? నన్నెవరూ ముందే హెచ్చరించని విషయం ఇది: మా డైవర్టర్‌కు నీళ్ల వేడి ఎంతో తెలియదు. ట్యాంకులో దానికి థర్మామీటర్ లేదు. ఎలిమెంట్‌కు కరెంటు పంపి చూస్తుంది, పారకపోతే నీళ్లు కాగి థర్మోస్టాట్ ఆపేసిందని అనుకుంటుంది. ఎలిమెంట్ కాలిపోయినా, దారిలో ఎక్కడ తెగినా అదే మాట చెబుతుంది. ఎండతో పని లేకుండా నీళ్లు కాచే బూస్ట్ బటన్ నొక్కి చూశాను, వాట్లు సున్నా. కంపెనీవాళ్లు ఈసారి డబ్బాలోని సర్క్యూట్ బోర్డు పోయింది, మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరలేదు.

ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ట్యాంకు కింది మూత విప్పి మీటర్ పెట్టాడు. ఎలిమెంట్ 15 ఓమ్‌ల దగ్గర చూపించింది, అంటే బాగానే ఉంది. థర్మోస్టాట్ మీద ఉండే చిన్న రీసెట్ బటన్ నొక్కితే టక్‌మంది, నీళ్లు కాగాయి. అమ్మ సంతోషం రెండు రోజులే. మళ్లీ చన్నీళ్లు. ఈసారి అమ్మే అసలు క్లూ ఇచ్చింది: "నిన్న వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే చెయ్యి కాలిందిరా." బాత్రూమ్ నీళ్లు, వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే టెంపరింగ్ వాల్వ్ మీదుగా చల్లబడి వస్తాయి కాబట్టి అక్కడ తేడా తెలియలేదు, మా వంటింటి పంపుకు అది లేదు. థర్మోస్టాట్ ఆగాల్సిన చోట ఆగక నీళ్లు మరీ కాగుతున్నాయి, ప్రమాదం కాకుండా కటౌట్, అంటే ఆ రీసెట్ బటన్ ఉన్న రక్షణ స్విచ్, కరెంటు తెంచేస్తోంది. థర్మోస్టాట్ మార్చాక మళ్లీ ఆ గొడవ లేదు. రీసెట్ నొక్కి వెళ్లిపోయే ఎలక్ట్రీషియన్‌ను, కటౌట్ అసలు ఎందుకు తెంచిందో ఒక్క మాట అడగండి.

మూడోసారి, 2025లో, నిజంగానే డబ్బా తప్పు. ఎండ ఉన్నా లేకున్నా నీళ్లు చల్లబడగానే హీటర్ వెలుగుతోంది. కెటిల్ పరీక్ష పాసైంది, కాబట్టి క్లాంపు సరిగానే ఉంది. "డైవర్టింగ్ 0" అని తెర మీద ఉండగా డబ్బా వేడెక్కి, కరెంటు మీటర్‌లో మాత్రం వాడకం గబగబా పెరుగుతోంది. ఎలిమెంట్‌కు కావలసినంత కరెంటే వదిలే ట్రయాక్ అనే భాగం కాలి, మూసుకున్న స్విచ్‌లా అతుక్కుపోయింది. వారంటీ అప్పటికే అయిపోయింది, బోర్డు సొంత ఖర్చుతో వేయించాను.

కొనమంటారా అని మిత్రులు అడుగుతుంటారు. మా ట్యాంకు 20 డిగ్రీల నుంచి 60కి రావడానికి 11.6 యూనిట్లు, అంటే పూర్తి వేగంతో మూడు గంటల పైచిలుకు చాలు. వేసవిలో మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా నడిచే మామూలు టైమర్ కూడా ఆ పని చేస్తుంది, ఖరీదూ తక్కువే. డైవర్టర్ సత్తా తెలిసేది ఇక్కడి చలికాలం జులైలోనే. మబ్బు వచ్చి పోతూ ఒకసారి 600 వాట్లు, ఒకసారి 1,800 వాట్లు మిగిలే రోజున టైమర్ గుడ్డిగా గ్రిడ్ నుంచి లాగుతుంది, ఇది దొరికినంతే తీసుకుంటుంది. ఇల్లు చిన్నదై, మధ్యాహ్నం ఎవరూ ఉండకపోతే నేనైతే టైమర్‌తో సరిపెట్టుకునేవాణ్ణి.

కొత్త బోర్డు వేయించినప్పటి నుంచి నీళ్లు బాగానే కాగుతున్నాయి. అయినా ఆదివారం కాఫీ తాగుతూ మీటర్ డేటా తెరవకపోతే నాకు తోచదు. వారానికోసారి రాత్రిపూట కెటిల్ కూడా వేస్తాను, టీ కోసమేనని మా ఆవిడతో అంటుంటాను.