పక్షవాతం తర్వాత తూలే నడక: పెద్దాసుపత్రి ఫిజియోథెరపీయా, ఇంట్లో సాధనా? ఏది మేలు?

పక్షవాతంలో అన్నిసార్లూ కాలుచేతులు చచ్చుబడవు. చిన్నమెదడుకు రక్తం అందకపోతే బలం ఉంటుంది, అదుపు పోతుంది. పిడికిలి గట్టిగానే బిగుస్తుంది; నీళ్ల గ్లాసు మాత్రం నోటిదాకా వచ్చేసరికి వణికి ఒలికిపోతుంది. నడిస్తే కాళ్లు ఎడంగా పడతాయి. ఈ రకంలో చాలామంది బాగానే తేరుకుంటారు. ఎక్కువ మార్పు మొదటి 3 నెలల్లో వస్తుంది, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. చిన్నమెదడు లోతున ఉన్న కేంద్రకాలు (నాడీకణాల గుంపులు) దెబ్బతింటే ఆలస్యమవుతుంది, కొంత వణుకు మిగిలిపోవచ్చు.

ఆదోని, పత్తికొండ వైపు ఇళ్లలో తేల్చుకోలేనిది ఇదే: వారానికి రెండుసార్లు బస్సెక్కి కర్నూలుకు పోవాలా, ఇంట్లోనే చేయించాలా?

ఆసుపత్రిలో తప్పు పట్టే కన్ను ఉంటుంది. పాదాలు దగ్గరపెట్టి నిలబడి కళ్లు మూస్తేనే తూలిపోతే, లోపం పాదాల స్పర్శలోనూ ఉండొచ్చు. అప్పుడు సాధనే మారుతుంది. ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు, పడతారు. కానీ వారానికి రెండు అరగంటలు చాలవు. మెదడు మళ్లీ నేర్చుకునేది పదేపదే చేస్తేనే. పైగా ప్రయాణంతో అలిసిన ఒంటికి తూలు ఇంకా ఎక్కువ.

ఇంట్లో పూటకు 20 నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. పడుకుని ఒక మడమను రెండో కాలి మోకాలి నుంచి చీలమండ దాకా జార్చాలి, కంటితో చూస్తూ, నాలుగు అంకెలు లెక్కపెడుతూ. ఒక్కో కాలికి 4 సార్లు. తర్వాత కుర్చీలో కూర్చుని కడప బండల అతుకు గీత మీద పాదం పెట్టి తీయాలి. అది కుదిరాకే గోడ పక్కన, మనిషి తోడుతో నిలబడటం. చేతికి శనక్కాయలు చాలు: మోచెయ్యి బల్లకు ఆనించి ఒక్కొక్కటే పళ్లెంలోంచి గిన్నెలోకి వేయాలి.

చెడేది తొందర వల్లే. వేగంగా చేస్తే సులువుగా ఉంటుంది, తప్పు కనబడదు. ఇంట్లోవాళ్లు ప్రేమతో చెయ్యి పట్టి తామే కదిలించినా మెదడుకు నేర్పు రాదు. మణికట్టుకు బరువు కడితే వణుకు అప్పటికి తగ్గుతుంది, విప్పగానే తిరిగొస్తుంది. నూనె మర్దన ఒంటికి హాయే, అదుపు మాత్రం తేదు.

మొదటి నెల ఆసుపత్రికే మొగ్గండి. ఆపైన ఇంటి సాధనే మేలు, 15 రోజులకోసారి అక్కడ చూపిస్తూ. నీళ్లు తాగితే పొలమారుతున్నా, తరచూ పడుతున్నా ఇంటిని నమ్ముకోవద్దు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మత్తు వస్తే వెంటనే 108.