మూడేళ్ళు నడుం బెల్టు కట్టుకున్నాక

ఈ బెల్టు మీద నాకున్న అభిమానమంతా దాని వెనక నిలువుగా కుట్టిన నాలుగు గట్టి బద్దల మీదే. సైజులూ ధరలూ మందుల షాపువాళ్ళే చెబుతారు, వాటి జోలికి పోను. 2021 కార్తీకంలో కొన్నాను, మూడేళ్ళు దాటి వాడాను. ఆ బద్దల గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది రేపల్లెలో కిరాణా కొట్టు. 50 కిలోల పంచదార బస్తా కాటా మీదకి జరుపుతుంటే నడుం పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. పది రోజులు కూర్చోలేను, నించోలేను. తుమ్ము వస్తుందంటే గోడ పట్టుకునేవాణ్ణి. డాక్టరు గారు మాత్రలతోపాటు బెల్టు రాశారు. మా ఆవిడ మొదటిసారి దాన్ని లాగి బిగించినప్పుడు ఎవరో రెండు అరచేతులు నడుం మీద గట్టిగా ఆనించినట్టయింది. ఆ సాయంత్రమే కొట్టు తెరిచాను.

బద్దలు ఏం చేస్తాయో కొన్నాళ్ళకి గాని అర్థం కాలేదు. అవి వెన్నుపూసల్ని పట్టి నిలబెడతాయనీ, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుని లోపలికి నెడతాయనీ అనుకునేవాణ్ణి. అదేం కాదు. కింది అరలో చింతపండు కోసం నడుం వంచగానే పైనున్న బద్ద చివర వీపులో గుచ్చుకుంటుంది. ఠక్కున ఆగిపోతాం, మోకాళ్ళు వంచి కూర్చుని తీసుకుంటాం. పొద్దుటి నుంచి రాత్రిదాకా వంగుతూ లేస్తూ ఉండే కొట్టువాడికి, వంగిన ప్రతిసారీ వీపు తట్టి గుర్తుచేసే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆ గుచ్చుడుకి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

మే నెలలో మాత్రం కష్టం. బనీను మీద కట్టినా చెమటకాయలు లేస్తాయి. భోజనానికి ముందు విప్పకపోతే పొట్ట ఉబ్బరం. ఇవి భరించదగ్గవే.

భరించలేకపోయింది బెల్టు కొసల్ని అంటించే వెల్‌క్రో పట్టీని. మిరపకాయల బస్తాలూ, ధనియాల బస్తాలూ గోనెవే గదా, ఆ పీచంతా దాని కొక్కేల్లో ఇరుక్కుంటుంది. ఆదివారం మధ్యాహ్నం పాత బ్రష్షుతో రుద్ది, మిగిలింది పిన్నీసుతో ఒక్కొక్క పోగూ లాగేవాణ్ణి. అయినా రెండో ఏటికి పట్టు సడలింది.

2025 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు రాత్రి బియ్యం లోడు దిగింది. బస్తాలు దించే ముఠావాళ్ళు వెళ్ళిపోయాక మెట్ల మీద రెండు బస్తాలు మిగిలాయి. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగుకి 5 శాతం జీఎస్టీ వేశారు గదా, ఆ పన్ను పడకుండా అప్పట్నుంచి మాకొచ్చే బియ్యం బస్తా 26 కిలోలు. మంచు కురుస్తోంది, తడిసిపోతాయని ఒకటి ఎత్తాను. బస్తా ఛాతీ దాకా వచ్చిందో లేదో చర్రుమని బెల్టు ఊడి తొడల మీదకి జారింది.

నడుం విరిగిపోయిందనే అనుకున్నాను. ఊపిరి బిగబట్టి, బస్తా పట్టుకుని అలాగే నించున్నాను. "ఏమండీ, ఏమైంది?" అని మా ఆవిడ లోపల్నుంచి పిలుస్తుంటే నోరు పెగల్లేదు. నెమ్మదిగా మోకాళ్ళు వంచి బస్తా దించాను. నొప్పి లేదు, చిన్న చురుకు కూడా లేదు. కానీ కాళ్ళు వణికి అరగంట ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ రాత్రి నిద్రలో కూడా బెల్టు ఊడిన చప్పుడే. డాక్టరు గారు కట్టుకోమన్నది మూడు వారాలు. నేను కట్టింది మూడేళ్ళు. ఇన్నాళ్ళూ నొప్పి తగ్గినా భయం తగ్గలేదని ఆ మెట్టు మీదే నాకు తెలిసింది.

పొద్దున ముఠా మేస్త్రికి చెబితే, "నడుంతో ఎత్తితే బెల్టేం చేస్తుందండీ షావుకారు గారూ, తొడలతో లేపాలి" అన్నాడు. ముఠావాళ్ళకి నొప్పులుండవని కాదు, రాత్రి అతనూ బామ్ రాసుకునే పడుకుంటాడు. కానీ ఆ మాట అబద్ధం కాదు.

పండగ వెళ్ళాక ఊడిన బెల్టు సంచిలో పెట్టుకుని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఏది కొనాలమ్మా అనడిగితే, దాన్ని పక్కన పెట్టేసి "ముందు వంగి చూపించండి బాబాయ్ గారూ" అంది. వంగాను. ఒక కర్ర తెచ్చి నా వెన్ను వెంట నిలువుగా ఆనించింది. తల వెనక, వీపు మధ్య, నడుం కింద పిర్రల నడుమ, మూడు చోట్లా కర్ర తాకుతూనే ఉండాలి, మోకాళ్ళు కొంచెం సడలించి, పిర్రలు వెనక్కి తోస్తూ తుంటి దగ్గర తలుపు బందులాగా మడవాలి. మొదటి పదిసార్లూ కర్ర వీపు నుంచి విడిపోయింది. ఇంటికొచ్చి బూజుకర్రతో సాధన చేశాను. అది ఒంటికి అలవాటయ్యాక చూస్తే, బద్దలు గుచ్చి చెప్పిన సంగతే ఈ కర్ర గుచ్చకుండా నేర్పింది.

2021 స్కాను కాగితం కూడా తీసుకెళ్ళాను. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం నాలుగో అయిదో పూసల మధ్య, డిస్కు ఉబ్బిందని ఉన్న ఆ కాగితాన్ని బీరువాలో దాచుకుని మూడేళ్ళు భయపడ్డాను. ఆ అమ్మాయే చెప్పింది, నొప్పి లేనివాళ్ళ స్కాన్లు కూడగట్టి 2015లో ఒక పరిశోధన వచ్చిందట. నలభైల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి ఏ బాధా లేకుండానే అలాంటి ఉబ్బు కనిపించింది. ఈ ముక్క మొదటి రోజే నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

తర్వాత మా అబ్బాయి చదివి వినిపించాడు. దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులు మామూలు వైద్యంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. వ్యాయామం చెయ్యమంది, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పమంది. నడుం నొప్పితో 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది ఉన్నారని కూడా వాళ్ళే చెప్పారు. పైన బెల్టుని అంత మెచ్చుకున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ పది రోజుల తర్వాత నేను లేచి తిరిగింది బెల్టు వల్లేనా? కొత్తగా పట్టేసిన నడుం చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మంచం పట్టకుండా మెల్లగా తిరుగుతుంటే ఇంకా మేలు. నన్ను ఆ సాయంత్రం కొట్టు దాకా నడిపించింది బెల్టు ఇచ్చిన ధైర్యం. అందులో దాని వాటా అంతవరకే.

ఇప్పుడు పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తడం, బూజుకర్రతో పదిసార్లు వంగడం. ఆరు వారాలకి తేడా తెలిసింది.

కొనమంటానా అంటే, కొత్తగా పట్టేసి, నించోడానికే భయపడుతూ, బరువు పని తప్పనివాళ్ళు డాక్టరు చెప్పినన్నాళ్ళు కట్టుకోండి. నాకు 48 ఏళ్ళు, నొప్పి ఎప్పుడూ కాలిలోకి దిగలేదు. రోజంతా కుర్చీలో ఉండేవాళ్ళ సంగతి వేరు. కాలు బలం తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా బెల్టుల గురించి చదువుతూ కూర్చోకండి, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

నా బెల్టు పారెయ్యలేదు. దర్జీ చేత కొత్త వెల్‌క్రో వేయించాను, కాటా పక్క మేకుకి వేలాడుతోంది. లోడు దిగే రోజున తీస్తాను. ఈ నెలలో ఒక్కసారి తీశాను, అదీ గంటసేపు.